పూల్ బల్లా, స్నూకర్ బల్లా: మీ జట్టుకి ఏది కుదురుతుంది?

నెల్లూరులోనైనా ఒంగోల్లోనైనా పూల్, స్నూకర్ ఆడే పార్లర్‌లోకి అడుగుపెట్టగానే కౌంటర్ దగ్గర ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "పూల్ టేబులా, స్నూకర్ టేబులా అన్నా?" కొత్తవాళ్ళు చాలామంది ఏది ఖాళీగా ఉంటే దానికి తల ఊపేస్తారు. కొందరు టీవీలో చూసిన పెద్ద పచ్చ బల్ల మీద మోజుతో స్నూకర్ అంటారు. అరగంటయ్యాక ఒక్క ఎర్ర బంతి కూడా పడక మొహమొహాలు చూసుకుంటారు. "మనకి రాదులే ఈ ఆట" అని ఫోన్లు తీస్తారు. అప్పటికీ గడియారం తిరుగుతూనే ఉంటుంది, డబ్బులు పడుతూనే ఉంటాయి.

ఏది తేలిక, ఏది కష్టం అని అడిగితే జవాబు చెప్పడం సులువే. పూల్ బల్ల మీద ఆడేవి ఎయిట్ బాల్, నైన్ బాల్; పెద్ద బల్ల మీద ఆడేవి స్నూకర్, బిలియర్డ్స్. ఎయిట్ బాల్ తేలిక. నైన్ బాల్ కొంచెం కష్టం. స్నూకర్ బాగా కష్టం. బిలియర్డ్స్‌ది ఇంకో రకం కష్టం. అయితే ఈ వరస తెలిసినంత మాత్రాన మీ సాయంత్రం సరదాగా గడుస్తుందన్న హామీ లేదు. నా లెక్కలో అన్నిటికంటే ముందు చూడాల్సింది మీకూ మీ ఎదుటివాడికీ ఆటలో ఉన్న తేడా. ఇద్దరికీ ఏమీ రాకపోతే స్నూకర్ కూడా నవ్వుకుంటూ ఆడొచ్చు. ఒకడికి బాగా వచ్చి ఇంకొకడికి రాకపోతే ఎంత తేలికైన ఆటైనా ఒకడు ఆడటం, ఇంకొకడు కూర్చోవడంగానే మిగులుతుంది.

ఎంచుకునే ముందు చూడాల్సినవి

మొదటిది, బంతి పాకెట్‌లో పడటం ఎంత కష్టమన్నది. ఇది కొలతల లెక్క. పెద్ద పూల్ బల్ల తొమ్మిది అడుగులది, ఆడే చోటు 100 అంగుళాల పొడవు, 50 అంగుళాల వెడల్పు. మన పార్లర్లలో ఎనిమిది, ఏడు అడుగుల బల్లలు కూడా కనిపిస్తాయి. పూల్ బంతి వ్యాసం 57.15 మిల్లీమీటర్లు, మూల పాకెట్ నోరు దాదాపు నాలుగున్నర అంగుళాలు. అంటే రెండు బంతులు పక్కపక్కన పట్టేంత వెడల్పు. స్నూకర్ బల్ల పన్నెండు అడుగులది. బంతి 52.5 మిల్లీమీటర్లే అయినా పాకెట్ మాత్రం సుమారు మూడున్నర అంగుళాలు, పైగా దాని అంచులు గుండ్రంగా వంగి ఉంటాయి. పూల్ పాకెట్‌లో అంచుకి తగిలి కూడా లోపలికి జారే బంతి, స్నూకర్‌లో రెండు అంచుల మధ్య గిలగిల కొట్టుకుని బయటికొచ్చేస్తుంది.

దూరం పెరిగేకొద్దీ ఇది ఇంకా తెలుస్తుంది. గురి ఒక్క డిగ్రీ తప్పితే మూడడుగుల దూరంలో బంతి ఒకటిన్నర సెంటీమీటర్ పక్కకి పోతుంది, ఆరడుగుల దూరంలో మూడు సెంటీమీటర్లు దాటుతుంది. మూడడుగుల దగ్గర ఆ తప్పు రెండు బల్లల మీదా చెల్లిపోవచ్చు. ఆరడుగుల దగ్గర పూల్ బల్ల మీద అటో ఇటో అన్నట్టుంటుంది, స్నూకర్ బల్ల మీద అస్సలు చెల్లదు. స్నూకర్ బల్ల మీద ఆరడుగుల షాట్లు మాటిమాటికీ వస్తాయి.

రెండోది, తెల్ల బంతి ఆగే చోటు. మన ఇళ్ళలో క్యారమ్స్ ఆడి పెరిగినవాళ్ళకి కోణం చూసి కొట్టడం తొందరగానే వస్తుంది. కానీ క్యారమ్స్‌లో ప్రతిసారీ స్ట్రైకర్‌ని తీసి మన గీత మీద పెట్టుకుంటాం. ఇక్కడ కర్రతో కొట్టేది తెల్ల బంతినే, అది ఎక్కడ ఆగితే అక్కడి నుంచే తర్వాతి షాట్. వేసిన బంతి మీద ఒక కన్ను, ఆగబోయే తెల్ల బంతి మీద ఒక కన్ను పెట్టాలి. అసలు కష్టమంతా ఇక్కడే ఉంది, అలవాటయ్యాక అసలు రుచి కూడా ఇక్కడే.

మూడోది, ఎదుటివాడు ఆడుతుంటే మనం కుర్చీలో కూర్చునే సమయం. దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు, నేను మాత్రం బాగా పట్టించుకుంటాను. నాలుగోది, ఆట తక్కువ వచ్చినవాడికి గెలిచే దారి ఏదైనా ఉందా అన్నది. అదృష్టం కావచ్చు, ముందుగా ఇచ్చే పాయింట్లు కావచ్చు. ఏదో ఒకటి లేకపోతే వాడు వచ్చే వారం రాడు.

ఇక డబ్బు సంగతి. స్నూకర్ బల్ల గంట రేటు మామూలుగా పూల్ బల్ల కంటే ఎక్కువే ఉంటుంది, దాని మీద పూర్తయ్యే ఆటలేమో తక్కువ.

| ఆట | బంతి వేయడం | తెల్ల బంతి అదుపు | కొత్తవాళ్ళకి ఒక ఆట పట్టే సమయం | అదృష్టం పాలు | ఎంతమందికి బాగుంటుంది |
|---|---|---|---|---|---|
| ఎయిట్ బాల్ | తేలిక | మధ్యస్థం | పావుగంట, ఇరవై నిమిషాలు | కొంత | ఇద్దరు, నలుగురు |
| నైన్ బాల్ | మధ్యస్థం | కష్టం | పది నిమిషాలు | బాగా ఎక్కువ | ఇద్దరు |
| ఆరు ఎర్రల స్నూకర్ | కష్టం | కష్టం | అరగంట | తక్కువ | ఇద్దరు |
| పూర్తి స్నూకర్ | కష్టం | బాగా కష్టం | ముప్పావుగంట నుంచి గంట | తక్కువ | ఇద్దరు |
| బిలియర్డ్స్ | మధ్యస్థం | చాలా కష్టం | మీరు పెట్టుకున్నంత | చాలా తక్కువ | ఇద్దరు, లేదా ఒక్కరే |

సమయాలు అప్పుడప్పుడు ఆడేవాళ్ళ సంగతి చూసి వేసిన అంచనాలు. ఆట వచ్చినవాళ్ళ లెక్క వేరు. 1997 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఇంగ్లండ్ స్నూకర్ ఆటగాడు రానీ ఓసల్లివన్ ఐదు నిమిషాలు దాటీదాటకముందే బల్లంతా ఊడ్చేసి, స్నూకర్‌లో గరిష్ఠమైన 147 పాయింట్లు కొట్టాడు.

ఎయిట్ బాల్: మొదటి రోజే నవ్వొచ్చే ఆట

ఒకటి నుంచి ఏడు వరకు నిండు రంగు బంతులు ఒకరివి, తొమ్మిది నుంచి పదిహేను వరకు చారల బంతులు ఇంకొకరివి. మీవన్నీ అయ్యాక ఎనిమిదో నంబర్ నల్ల బంతి వేస్తే గెలిచినట్టు. ముందే అది పడిపోతే ఓడినట్టు. రూల్స్ చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. మీకు ఏడు బంతులున్నాయి కాబట్టి ఏదో ఒకటి పాకెట్ దగ్గర దొరుకుతుంది. పూర్తిగా కొత్తవాడు కూడా మొదటి ఆటలో రెండు మూడు వేస్తాడు, వేసినప్పుడల్లా జట్టంతా అరుస్తుంది. ఇద్దరిద్దరు జట్లుగా ఆడటానికి దీన్ని మించింది లేదు.

చూడ్డానికి తెలియని మెలిక ఒకటుంది. ఒకడు ముందుగా ఆరు బంతులు వేసేశాడనుకోండి. గెలిచేశాడనిపిస్తుంది. కానీ ఇప్పుడు బల్ల మీద ఎదుటివాడి బంతులు ఏడూ అలాగే ఉన్నాయి, ముందున్నవాడి దారికి అవన్నీ అడ్డమే. వెనకబడ్డవాడికి ఎటు చూసినా తన బంతే. తొందరపడి సులువైనవన్నీ ముందే వేసుకున్నవాడు చివర్లో ఇరుక్కుపోతాడు. అందుకే తేడా ఉన్న ఇద్దరి మధ్య కూడా ఎయిట్ బాల్ ఆఖరి దాకా తేలదు.

గొడవలు కూడా దీంట్లోనే ఎక్కువ. ఫౌల్ అయితే తెల్ల బంతి ఎక్కడైనా పెట్టుకోవచ్చని ఒకరు, గీత వెనక నుంచే కొట్టాలని ఒకరు, రెండు షాట్లు ఇవ్వాలని ఇంకొకరు అంటారు. ఒక్కో పార్లర్‌లో ఒక్కో పద్ధతి. అంతర్జాతీయ రూల్స్ ప్రకారం మామూలు ఫౌల్ తర్వాత తెల్ల బంతిని బల్ల మీద ఎక్కడైనా పెట్టుకోవచ్చు. మీరు ఏది పాటించినా సరే, బ్రేక్ (ఆట మొదలుపెట్టే షాట్) కొట్టకముందే తేల్చుకోండి.

నైన్ బాల్: బలహీనుడి ఆశ

ఇందులో తొమ్మిది బంతులే. బల్ల మీదున్న వాటిలో అన్నిటికంటే చిన్న నంబర్‌కే తెల్ల బంతి ముందు తగలాలి. తొమ్మిదో బంతి ఎవరు వేస్తే వాళ్ళదే ఆట. ఇక్కడే తమాషా ఉంది. చిన్న నంబర్‌కి ముందు తగిలితే చాలు, దాని మీది నుంచి వెళ్ళి తొమ్మిది పడినా గెలిచినట్టే. ఎదుటివాడు ఒకటి నుంచి ఎనిమిది దాకా కష్టపడి వేసి తొమ్మిది దగ్గర తప్పితే, కుర్చీలోంచి లేచొచ్చి ఒక్క షాట్‌తో ఆట పట్టుకుపోవచ్చు. పోగొట్టుకున్నవాడికి కడుపుమంట, చూసేవాళ్ళకి పండగ.

అలాగని ఇది తేలిక ఆట అనుకోవద్దు. ఎయిట్ బాల్‌లోలాగా దగ్గరున్న బంతిని ఎంచుకునే వీలు లేదు. మూడు తర్వాత నాలుగే. ఆ నాలుగు ఎక్కడ మూలన నక్కిందో అక్కడికి తెల్ల బంతిని తోలుకెళ్ళాలి. బాగా ఆడేవాడికి ఇదొక పరీక్ష, ఆడనివాడికి లాటరీ. ఒకే ఆట ఇద్దరికీ పనికొస్తుంది కాబట్టే అన్నదమ్ముల్లో ఒకడు రోజూ ఆడేవాడు, ఇంకొకడు పండక్కి ఊరొచ్చినవాడు అయితే నేను నైన్ బాల్ ఆడమంటాను. ఈ గాలివాటం గెలుపులు నచ్చకపోతే టెన్ బాల్ ఉంది. అందులో ఏ బంతి ఏ పాకెట్‌లో వేస్తున్నారో ముందే చెప్పి కొట్టాలి.

స్నూకర్: నెలలు అడిగే ఆట

స్నూకర్ పుట్టింది మన దేశంలోనే. 1875లో జబల్‌పూర్‌లో నెవిల్ చాంబర్లిన్ అనే బ్రిటిష్ సైనికాధికారి మొదలుపెట్టాడని చెబుతారు. పదిహేను ఎర్రలు, ఆరు రంగులు, ఒక తెల్ల బంతి. ఎర్ర వేస్తే 1 పాయింట్, ఆ వెంటనే ఒక రంగు వేయొచ్చు. పసుపుకి 2, ఆకుపచ్చకి 3, గోధుమ రంగుకి 4, నీలానికి 5, గులాబీకి 6, నలుపుకి 7. ఎర్రలున్నంతసేపూ రంగుని మళ్ళీ తీసి దాని చోట పెడతారు. ప్రతి ఎర్ర తర్వాతా నలుపే వేసి, చివర్లో రంగులన్నీ వరసగా వేస్తే 147. అంటే తప్పకుండా వరసగా 36 బంతులు. మన పొరుగునే గుంటూరులో 1980ల చివర్లో జరిగిన జాతీయ పోటీలో మన దేశపు ఆటగాడు గీత్ సేథీ ఆ 147 సాధించాడు.

మన సంగతికొద్దాం. కొత్తగా ఆడే ఇద్దరు ఒక ఫ్రేమ్ (స్నూకర్‌లో ఒక ఆట) మొదలుపెడితే మొదటి పావుగంట స్కోరు ఎక్కువగా ఫౌల్స్ మీదే నడుస్తుంది. ఒక్కో ఫౌల్‌కి కనీసం 4 పాయింట్లు ఎదుటివాడి ఖాతాలోకి. ఎర్ర పడితే ఆనందం, ఆ తర్వాత ఏ రంగూ అందదు. చెయ్యి అందని షాట్లకి రెస్ట్ (కర్రకి ఆనుగా పెట్టే పొడవాటి ఊత) తీసుకోవాలి, దాంతో కొట్టడమే ఒక విద్య. ఈ దశ రెండు మూడు సాయంత్రాల్లో దాటేది కాదు, నెలలు పడుతుంది. టెన్షన్ తీర్చుకోవడానికి వచ్చి కొత్త టెన్షన్ కొనుక్కున్నట్టు అనిపిస్తుంది చాలామందికి.

మరి ఎందుకు ఆడాలి? దాచడం కోసం అంటాను నేను. పూల్‌లో ఎక్కువసేపు వేయడమే పని. స్నూకర్‌లో వేయకుండా కూడా గెలవొచ్చు. తెల్ల బంతిని గోధుమ బంతి వెనక నక్కబెట్టి, ఎదుటివాడికి ఎర్ర కనబడకుండా చేసి, కుర్చీలోకి వెళ్ళి కూర్చోవడంలో ఉన్న సుఖం వేరే ఏ క్యూ (బంతిని కొట్టే కర్ర) ఆటలోనూ నాకు అంతగా దొరకలేదు. వాడు అంచులకి కొట్టి ఎర్రని తాకడానికి కిందా మీదా పడుతుంటాడు. తాకకపోతే పాయింట్లు మనకే. చదరంగం ఇష్టమైనవాళ్ళు, బంతులు వేయడంలో మామూలుగా ఉన్నా సరే, స్నూకర్‌లో నిలదొక్కుకుంటారు. రంగులు మాత్రమే మిగిలాక బల్ల మీద ఉండేవి 27 పాయింట్లే. మీరు 28 ముందుంటే ఎదుటివాడు అన్నీ వేసినా చాలదు, మీ చేత ఫౌల్ చేయించి తీరాలి. ఆ చివరి పది నిమిషాల్లో మాటలు కూడా ఆగిపోతాయి.

ఇంకో గొప్ప సౌకర్యం, తేడాని అంకెల్లో సరిచేయొచ్చు. ఆట వచ్చినవాడు రానివాడికి ముందే 20 పాయింట్లో 30 పాయింట్లో ఇచ్చి మొదలుపెట్టొచ్చు. వరసగా రెండు ఫ్రేములు ఒకడే గెలిస్తే ఇంకో ఐదు పెంచండి. ఎయిట్ బాల్‌లో ఇలా సన్నగా సర్దడం కుదరదు. ఇచ్చే పాయింట్లు తీసుకోవడం నామోషీ అనుకునేవాళ్ళున్నారు. గంటసేపు చేతులు కట్టుకుని కూర్చోవడం కంటే అది నయం కాదా?

అయినా కొత్తవాళ్ళని పదిహేను ఎర్రల ఆటలోకి నేరుగా దింపను. పార్లర్‌వాళ్ళని అడిగి ఆరు ఎర్రలతోనే ఆడండి. రూల్స్ దాదాపు అవే, గరిష్ఠం 147 బదులు 75. బల్ల మీద గుంపు తక్కువ కాబట్టి దారులు తెరుచుకుంటాయి, అరగంటలో ఫలితం తేలుతుంది, గంట డబ్బులకి రెండు ఫ్రేములొస్తాయి. ఇది నిజానికి చాలామందికి సరిపోయే ఆట, కానీ అడిగి ఆడేవాళ్ళు అరుదు.

బిలియర్డ్స్: పెద్దల బల్ల

స్నూకర్ బల్ల మీదే, మూడే మూడు బంతులతో. తెలుపు మీది, పసుపు ఎదుటివాడిది, ఎరుపు ఉమ్మడి. మీ బంతి మిగతా రెండింటికీ తగిలితే 2, ఎర్రని పాకెట్‌లో వేస్తే 3, ఎర్రకి తగిలి మీ బంతే పాకెట్‌లో పడినా 3. పూల్‌లో తెల్ల బంతి లోపలికి పోతే నాలుక్కరుచుకుంటాం, ఇక్కడ దానికే పాయింట్లు. ఆ ఒక్క తేడాతో మొదటి పావుగంట భలే గమ్మత్తుగా ఉంటుంది.

తర్వాతే అసలు సంగతి. బల్ల ఖాళీ అవడమంటూ లేదు. టైమ్ పెట్టుకోవాలి, లేదా 100 పాయింట్లని ముందే అనుకోవాలి. బాగా వచ్చినవాడు మూడు బంతుల్నీ ఒక మూలకి చేర్చుకుని కొడుతూనే ఉంటాడు. 1992 ప్రపంచ ప్రొఫెషనల్ ఛాంపియన్‌షిప్‌లో గీత్ సేథీ ఒకే విడతలో 1276 పాయింట్లు కొట్టాడు. అంతసేపూ ఎదుటి ఆటగాడు కుర్చీలోనే. తేడా ఉన్న ఇద్దరికి ఇంతకంటే చెడ్డ ఎంపిక లేదు. "ఏంది బా, మనకి ఛాన్స్ వస్తాదా రాదా" అని నీళ్ళ సీసా పట్టుకుని కూర్చోవాల్సిందే.

ఒంటరిగా సాధన చేసేవాళ్ళకి మాత్రం ఇది బంగారం. తెల్ల బంతి వేగం, కోణం, ఆగే చోటు నేర్పడంలో దీనికి సాటి లేదు. మన దేశానికి పేరు తెచ్చిన క్యూ ఆట కూడా మొదట ఇదే. 1958లో విల్సన్ జోన్స్ ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ ఛాంపియన్ అయ్యాడు. పంకజ్ అద్వానీ 2006, 2010 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు తెచ్చింది బిలియర్డ్స్ సింగిల్స్‌లోనే. పార్లర్లలో అడిగితే "ఎవరూ ఆడరు సార్" అంటారు. పాత ఆఫీసర్ల క్లబ్బులు, టౌన్ క్లబ్బుల్లో పెద్దవాళ్ళని కదిలిస్తే ఆడేవాళ్ళు దొరకొచ్చు.

పాకెట్లే లేని బల్ల మీద ఆడే త్రీ కుషన్ అనే ఆట కూడా ఉంది. వీడియోల్లో చూడ్డానికి అద్భుతం, మన దగ్గర బల్ల దొరకడం కష్టం. దాన్ని పక్కన పెడదాం.

ఎవరికి ఏది

డిగ్రీ కాలేజీ కుర్రాళ్ళు నలుగురు, చేతిలో గంట సమయం: ఎయిట్ బాల్, ఇద్దరిద్దరు జట్లు. ఆట తక్కువ వచ్చినవాడిని బాగా ఆడేవాడితో కలపండి.

పదేళ్ళ పిల్లల్ని తీసుకెళ్తుంటే పూల్ బల్లే. స్నూకర్ బల్ల దాదాపు 34 అంగుళాల ఎత్తు, పూల్ బల్ల అంతకంటే మూడు నాలుగు అంగుళాలు తక్కువ. గడ్డం క్యూ మీదికి వంచి గురి చూడాల్సిన ఆటలో ఆ తేడా పిల్లలకి చాలా పెద్దది. ఇంట్లో అమ్మాయిలుంటే వాళ్ళనీ తీసుకెళ్ళండి. పక్కనే ఉన్న చెన్నై నుంచి అనుపమ రామచంద్రన్ 2025లో ప్రపంచ మహిళల స్నూకర్ టైటిల్ గెలిచింది. పార్లర్ అంటే సిగరెట్ పొగ, పందేలు అని పెద్దవాళ్ళకి అనుమానం ఉంటుంది, కొన్నిచోట్ల అది నిజం కూడా. పగటిపూట ఒకసారి వెళ్ళి చూసుకుని నిర్ణయించుకోండి.

కావలిలోనో కందుకూరులోనో ఆఫీసయ్యాక వారానికోసారి కలిసే ఇద్దరు స్నేహితులకి నా ఓటు ఆరు ఎర్రల స్నూకర్‌కే. ఆర్నెల్లు నిలబడితే అప్పుడు పదిహేను ఎర్రలకి వెళ్ళండి. ఇద్దరిలో ఒకరు బాగా ముందుంటే పాయింట్లు ఇచ్చుకోండి, లేదా నెలకోసారి నైన్ బాల్‌కి మారండి.

పోటీల్లోకి వెళ్ళాలన్న ఆలోచన ఉన్నవాళ్ళకి స్నూకరే దారి, పక్కన వారానికి ఒక గంట బిలియర్డ్స్. పెద్ద బల్ల మీద చెయ్యి కుదిరినవాడికి పూల్ బల్ల మీద బంతి వేయడం సులువనిపిస్తుంది. పూల్ నుంచి స్నూకర్‌కి వెళ్ళడమే ఎత్తెక్కినట్టుంటుంది.

సొంత క్యూ కొనే ముందు ఏ ఆటో తేల్చుకోండి. పూల్ క్యూ కొస 12, 13 మిల్లీమీటర్లు ఉంటుంది, స్నూకర్ క్యూది 9, 10. ఒకదాంతో రెండూ ఆడొచ్చని అమ్మేవాళ్ళు చెబుతారు కానీ చిన్న బంతికి లావు కొస అంత బాగా కుదరదు.

మన తీరప్రాంతానికి ఇంకో చిక్కుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ముసురు పట్టినప్పుడు గుడ్డ తేమ పీల్చుకుని బంతి బరువుగా దొర్లుతుంది. నూగు ఉండే స్నూకర్ గుడ్డ మీద ఇది మరీ ఎక్కువ. పెద్ద పోటీల్లో బల్ల కింద హీటర్లు పెడతారు, మన పార్లర్‌లో ఏసీ ఉంటే అదే గొప్ప. ఏసీ లేని చోట వానరోజున స్నూకర్ బల్లకి డబ్బులు పోయకండి, ఆ పూట పూల్ ఆడుకోండి.

ఓడినవాడే బల్ల డబ్బులు కట్టాలన్న అలవాటు చాలాచోట్ల ఉంది. సమానంగా ఆడేవాళ్ళ మధ్య అది సరదానే. ఆట రానివాడే ప్రతి వారం జేబు తీయాల్సి వస్తుంటే మాత్రం, ఆ పద్ధతి మానేసి సగం సగం వేసుకోండి.